జాజు చేతుల గోడ

ప్రేమ్‌సింగ్ భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు కూలీ. నెలకొకసారి, అదీ సూపర్‌వైజరు మనసు చల్లగా ఉంటేనే, మానుకోట పక్కనున్న తండాకు వచ్చి తల్లి రుక్కినీ, ఆరేళ్ల కూతురు వర్షనీ చూసి పోతాడు. భార్య కూడా అతనితోపాటే అక్కడ పనిచేస్తుంది కాబట్టి పిల్ల నాయనమ్మ దగ్గరే పెరుగుతున్నది. మే నెలాఖరులో వచ్చినప్పుడు అతని జేబులో కొత్త ఫోను ఉన్నది. వచ్చినవాడు వచ్చినట్టే మంచమెక్కి గుర్రు పెట్టాడు. ఫోను వర్షకు చిక్కింది. అరగంట కూడా కాలేదు, పిల్ల కెవ్వున అరిచి దాన్ని వాకిట్లోకి విసిరికొట్టింది.

రుక్కి జొన్నలు చెరుగుతున్నది. చేట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? తేలు కుట్టిందా?"

"బళ్లె దయ్యం ఉన్నది దాదీ!" పిల్ల వణికిపోతున్నది.

రుక్కి దుమ్ములో పడ్డ ఫోను తీసి కొంగుతో తుడిచింది. ఆమెకు చదువు రాదు. తెర మీద కనిపిస్తున్నదాన్ని గుర్తుపట్టడానికి చదువెందుకు? అది వాళ్ల తండా బడి. తలుపు రెక్కకు కింద కొట్టిన రేకుముక్క, నల్లబల్ల మూలన పగులు, కిటికీకి వంగిన మూడో ఊచ, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కాకపోతే లోపలంతా చీకటి. ఆ చీకట్లో ఎర్రటి చేతి గుర్తులున్న గోడ. గుర్తుల నుంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతున్నది. అన్నిటికంటే కింద ఉన్న చిన్న చెయ్యి కదిలింది. గోడలోంచి బయటికొచ్చి వేళ్లు చాపింది. "ఆకలైతాంది... ఆకలైతాంది..." అని ఒక పసిగొంతు ఏడ్చింది.

రుక్కి అక్కడే గడపలో కూలబడింది.

నిద్ర లేచిన కొడుకు కళ్లు నులుముకుంటూ అసలు సంగతి చెప్పాడు. అది ఫోనులో ఆడే ఆట. పేరు 'మూతపడ్డ బడి'. ఒక దుర్మార్గపు పంతులు తండా పిల్లలను బడిలో పెట్టి తాళం వేసి తిండి పెట్టకుండా చంపాడట. పిల్లలు గోడలకు చేతులు బాదుకొని బాదుకొని చచ్చారట. ఆడేవాడు ఆ చేతులను ఒక్కొక్కటే ముట్టుకొని దయ్యాలను వదిలించాలట. చిన్న చెయ్యి అన్నిటికంటే పెద్ద దయ్యమట. "తండాల పోరగాళ్లందరి ఫోన్లల్ల ఉన్నది అమ్మా. మన బడే అని ఖుషీగ ఆడుతున్నరు" అన్నాడు ప్రేమ్‌సింగ్, కొంచెం గొప్పగా కూడా.

"నీ చెల్లెను దయ్యం జేసిండ్రు, నీకు ఖుషీనా?" అన్నది రుక్కి.

ప్రేమ్‌సింగ్ తల దించుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అప్పుడుగాని అతనికి తట్టలేదు.

ఆ చెయ్యి చాందిది. ఇరవై మూడేళ్ల కింద బడి కట్టినప్పుడు సర్కారు పైసలు గోడల దాకే వచ్చాయి. పైకప్పు సంగతి మీరు చూసుకోండి అన్నారు. తండా చూసుకున్నది. ఆడవాళ్లు కంకర మోశారు, నీళ్లు మోశారు, రాత్రిళ్లు కూడా తడిపారు. అంతా అయ్యాక గోడలకు తెల్లటి సున్నం వేసి, అడుగున జాజు అలకడానికి బకెట్లలో ఎర్రమన్ను కలిపి పెట్టుకున్నారు. రుక్కి కూతురు నాలుగేళ్ల చాంది ఎప్పుడు దూరిందో దూరి, బకెట్లో చెయ్యి ముంచి, తెల్లగోడ మీద ఫట్‌మని కొట్టింది. రుక్కి చెయ్యెత్తింది కొట్టడానికి. మేస్త్రి నవ్వి, తన చెయ్యి కూడా జాజులో ముంచి పిల్ల చేతి పైన వేశాడు. ఇక ఆగుతారా? కష్టపడ్డవాళ్లంతా వరస కట్టారు. ముప్పై ఒక్క చేతులు పడ్డాయి ఆ గోడకు. ఆ వానాకాలంలోనే చాందికి జ్వరం తగిలింది. వాగు పొంగి బండి దాటలేదు. మానుకోట దవాఖానకు చేరేసరికి డాక్టరు చూడడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పిల్లకు ఫోటో అంటూ ఒక్కటి లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే. అందుకే బడికి సున్నం వేసిన ప్రతిసారీ రుక్కి వెళ్లి ఆ గోడ ముందు బాసింపట్టు వేసుకొని కూర్చునేది. సున్నం వేసేవాళ్లు మిగతా మూడు గోడలు వేసి పోయేవారు. పిల్లలంతా బస్తీ బడుల వ్యాన్లెక్కడం మొదలుపెట్టాక మూడేళ్ల కింద బడి మూతపడ్డది. అయినా తాళంచెవి రుక్కి దగ్గరే ఉన్నది. ఆదివారం ఆదివారం వెళ్లి ఊడ్చి వస్తుంది.

ఇప్పుడు ఆ బడిని మళ్లీ తెరిపించడానికి సంగీత టీచరు నడుం కట్టింది. డోర్నకల్ పిల్ల, కొత్తగా ఉద్యోగమొచ్చింది. పదిమంది పిల్లలు పేర్లు రాయించుకుంటే జూన్ పన్నెండున తలుపులు తెరుస్తామని పైవాళ్లు ఆమెకు మాట ఇచ్చారు. ఎండ నెత్తిన మాడుతుంటే ఆ టీచరమ్మ బడిబాట కాగితాలు పట్టుకొని గడప గడప తిరిగింది. వర్షతో కలిపి తొమ్మిదిమంది దొరికారు. ఒక్కరు దొరికితే చాలు అనుకుంటుండగా ఈ ఆట వచ్చి పడ్డది. వారం తిరిగేసరికి తొమ్మిదిమందిలో ఆరుగురు తల్లులు అడ్డం తిరిగారు.

"ఉత్త ఆటనే అని మాకు ఎరుకే మేడం. గని పిల్ల జడుసుకొని పక్క తడుపుతాంది" అన్నది ఒకామె.

"నెత్తురు గోడ దగ్గర కూసోబెట్టి అ ఆలు దిద్దిపిస్తవా?" అన్నది ఇంకొకామె.

బస్తీ బడుల వ్యాన్లవాళ్లు తక్కువ తిన్నారా? ఆ ఆట ముక్కను ఊరూరా ఫోన్లలో పంపి, మీ తండా బడి ఇదే కదా అని ఒక నవ్వు బొమ్మ పెట్టారు.

తండా పెద్ద హీర్యా ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉపాయమంటే ఆయనకు ఎప్పుడూ దగ్గరి దారే. ఐదో తారీఖు పొద్దున సంగీతను వెంటబెట్టుకొని రుక్కి ఇంటికి వచ్చాడు.

"ఆ గోడకు సున్నం గొడ్దాం. చేతులు లేకుంటే దయ్యం లేదు. పిల్లలు వస్తరు, బడి నడుస్తది. గంతే."

"నేను బతికుండంగ కాదు" అన్నది రుక్కి.

"అమ్మా" అన్నది సంగీత. "నాకు గూడ ఇష్టం లేదమ్మా. గని పదిమంది రాకుంటే ఆ బడి మళ్ల తెరువరు. మక్కలు పోసుకునే గోదాము జేస్తమంటున్నరు. అప్పుడు ఆ గోడను ఎవలు కాపాడుతరు?"

బడి తెరవకపోతే గోడ పోతుంది, తెరవాలంటే గోడకు సున్నం పడాలి. ఎటు చూసినా పోయేది చాంది చెయ్యే. చివరికి హీర్యా ఒక గడువు పెట్టాడు. వచ్చే బుధవారం, పదో తారీఖు, బడి దగ్గర మీటింగు. అప్పటికి తల్లులు ఒప్పుకుంటే సరే, లేదంటే అదే పూట సున్నం. సున్నం బకెట్టు తానే తెస్తానని కూడా చెప్పి పోయాడు, అక్కడికేదో పుణ్యకార్యం చేస్తున్నట్టు.

ఆట చివర్లో దాన్ని తయారుచేసినవాడి పేరు, నెంబరు ఉన్నాయి. పేరు తిరుపతి, ఊరు జనగామ. సంగీత అప్పటికప్పుడే ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టింది.

"మేడం, గది సర్కారు బిల్డింగు" అన్నాడు అవతలి గొంతు, తాపీగా. "సర్కారుదంటే అందరిది. నేను గోడలు ఎత్తుకపోలే కదా, ఫోటోలు దీసిన, గంతే. మీకు ఇబ్బందైతే ఓనరుతోని కాగితం పంపిపియ్యుండ్రి, తీసేస్త."

ఓనరు కాగితం కోసం సంగీత రెండు రోజులు చెప్పులరిగేలా తిరిగింది. చదువుల ఆఫీసులో జాగా పంచాయతీది, వాళ్లనడుగు అన్నారు. పంచాయతీలో కట్టడం చదువులవాళ్లది, మాకేం సంబంధం అన్నారు. ఒకాయనైతే అసలు ఆ బడి మా లెక్కలో మూతపడ్డది కదమ్మా, లేని బడికి ఓనరెక్కడినుంచి వస్తాడు అని నవ్వి టీ తాగమన్నాడు. ఆ టీ ఎవరికి కావాలి? సంగీత వట్టి చేతులతో తిరిగొచ్చి రుక్కి గడపలో కూర్చొని ఏడ్చినంత పని చేసింది.

రుక్కికి ఒళ్లు మండిపోయింది.

"సున్నం కొట్టుటానికి హీర్యా ఓనరు. ఆట కట్టుటానికి ఆ పోరడు ఓనరు. నెత్తి మీద కంకర మోసిన నేను ఎవలను? లెవ్వు టీచరమ్మా. ఇంక కాగితాలు లేవు, ఏం లేవు. నేనే పోత. వాని ఇంటికే పోత."

"పోయి ఏం చేస్తవమ్మా?"

"ముందుగాల వాని మొఖం చూస్త."

ఆదివారం పొద్దున రైలుబండికి ఇద్దరూ మానుకోటలో ఎక్కి జనగామలో దిగారు. సంగీత ఫోన్లో ముందే అడ్రసు కనుక్కున్నది. స్టేషను వెనక సందులో రెండు గదుల ఇల్లు. వరండాలో ఒకావిడ కుట్టు మిషను మీద రవికెలు కుడుతున్నది. పేరు యాకమ్మ, తిరుపతి తల్లి. వచ్చినవాళ్లెవరో, ఎందుకొచ్చారో తెలియకముందే "కూసోండ్రి అక్కా, ఎండల వచ్చిండ్రు" అని చెంబుతో నీళ్లిచ్చింది. రుక్కి చెంబు పట్టుకున్నది గాని తాగలేదు.

లోపలినుంచి తల తుడుచుకుంటూ తిరుపతి వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు. రుక్కిని చూడగానే వాడి మొహం విప్పారింది.

"ఓ! రొట్టె పెట్టిన అమ్మ కదా!"

రుక్కి వాణ్ని గుర్తుపట్టింది. వాడే. కిందటి చలికాలం సర్పంచు ఓట్లకు ఆ బడిలోనే పోలింగు పెట్టారు. ఓటింగు ఆఫీసువాళ్లకు కనబడేలా కెమెరా, లాప్‌టాప్ పట్టుకొని ఒక పిల్లగాడు పొద్దంతా మూలన కూర్చున్నాడు. అందరూ తిని వస్తున్నారు, వాడు మాత్రం కెమెరా వదిలి కదలడానికి లేదు. చూసి చూసి రుక్కికి పాపమనిపించింది. ఇంటికి పోయి జొన్నరొట్టెలు, టమాట తొక్కు పట్టుకొచ్చింది. ఆ గోడకెదురుగా కూర్చొని నాలుగు రొట్టెలు తిన్నాడు. తింటూ ఆ చేతులేంటమ్మా అని అడిగాడు. ఇంత మర్యాదగా అడిగిన పిల్లగాడు ఎవడున్నాడు? రుక్కి చెప్పింది. చిన్న చెయ్యి ఎవరిదో కూడా చెప్పింది. తండాలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. ఇరవై మూడేళ్లలో చాంది సంగతి మొదలునుంచి చివరిదాకా ఆమె నోరు విప్పి చెప్పింది ఆ ఒక్కడికే.

"నీకు ఎరుకేనా?" అన్నది రుక్కి. "అది జాజు అని నీకు ఎరుకే. ఎవల చెయ్యో గూడ ఎరుకే. నేనే చెప్పిన కదా."

"అదే అమ్మా!" తిరుపతికి ఇంకా అర్థం కాలేదు, వాడి దుంప తెగ. హుషారుగా ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు చెప్పినంక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. గోడ మీద చెయ్యి ఉన్నది, పిల్ల లేదు. గంత మంచి ముచ్చట నేనెన్నడు ఇనలే. దాని మీదనే కథ అల్లిన. అరవై వేలమంది ఆడుతున్నరు ఇప్పుడు."

"మంచి ముచ్చటనా?"

తిరుపతి తల తుడుచుకుంటున్న తువ్వాలును ఒళ్లోకి దించాడు.

"నా బిడ్డ జొరంతోని పోయింది. ఆకలితోని కాదు. ఆ పొద్దుగాల గూడ పాలు బువ్వ కలిపి తినిపిచ్చిన. నాకు లేకున్నా దానికి పెట్టిన. గంజి తాగి పండుకున్నం గని మా తండాల ఏ పిల్ల ఆకలితోని సావలే." రుక్కి చెంబు కింద పెట్టింది. "నా రొట్టె తినుకుంట ఇన్నవు. ఇని, నా బిడ్డను ఆకలికి సంపినవు."

మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. యాకమ్మ లేచి వచ్చి కొడుకు ముందు నిలబడ్డది.

"ఏం జేసినవ్‌రా నువ్వు?"

"ఆట అమ్మా... ఉత్త ఆట..."

"నేను సచ్చిపోతే నన్ను గూడ పెడ్తవా గా ఆటల?"

తిరుపతి మొహం వాడిపోయింది. అప్పటిదాకా వాడికి అదొక గోడ, ఒక ముచ్చట, అరవై వేలమంది. తువ్వాలు పక్కన పడేసి లేచి లాప్‌టాప్ తెచ్చి వాళ్ల ముందే ఆ ఆటను ఆటలు దొరికే చోటునుంచి తీసేశాడు. తీసేశాక కూడా నిజం దాచలేదు. "కొత్తగ ఎవలికి దొరకదమ్మా. గని ఇప్పటికే ఫోన్లల్ల ఉన్నది నేను తీయలేను. గది నా చేతుల లేదు."

"మా తండాల ఫోన్లల్ల?" అని అడిగింది సంగీత.

"ఉంటది మేడం."

హీర్యా పెట్టిన గడువు గురించి, సున్నం బకెట్టు గురించి సంగీత చెప్పింది. తిరుపతి విన్నాడు. విని, ఏదో తట్టినట్టు లాప్‌టాప్ రుక్కి వైపు తిప్పాడు. చాంది చెయ్యి తెరనిండా వచ్చింది. ఆటలోని నెత్తురు చెయ్యి కాదు, అది వాడు తీసిన అసలు ఫోటో. అరచేతి గీతలు, చిటికెన వేలి దగ్గర జాజు చిక్కగా అంటుకున్న చోటు, బొటనవేలు జరిగి సాగిన మరక, అన్నీ కనిపిస్తున్నాయి. రుక్కి చూపు మందగించి ఎన్నో ఏళ్లయింది. గోడ మీద ఆ గీతలను ఆమె ఇంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు.

"దీన్ని పెద్దగ అచ్చు తీపించి అద్దం కట్టిపిస్త అమ్మా. సున్నం పడ్డా నీ బిడ్డ చెయ్యి నీ ఇంట్ల ఉంటది. ఎన్నటికి పోదు."

రుక్కి ఆశ పడలేదంటే అబద్ధం. ఇంట్లో, మంచం ఎదురుగా, పొద్దున లేవగానే కనిపించే చెయ్యి. ఎవరితో కొట్లాట లేదు, ఏ గోడ ముందూ కూర్చొని కాపలా కాయనక్కర్లేదు. అవుననేసి ఇంటికి పోవచ్చు.

"ఇది బొమ్మ" అన్నది రుక్కి చివరికి. "నా బిడ్డ ముట్టింది దీన్ని కాదు. గోడను ముట్టింది. నాకు గోడ కావాలె."

"మరి నేనేం చేయాలె అమ్మా?"

"బుధవారం మా తండాకు రావాలె. తల్లుల ముందర, పిల్లల ముందర నిలవడి అబద్ధం ఆడిన అని నీ నోటితోని చెప్పాలె. నువ్వు పుట్టిచ్చిన దయ్యాన్ని నువ్వే తోలుకపోవాలె."

తిరుపతి లాప్‌టాప్ మూసేశాడు. "నన్ను కొడతరమ్మా."

"కొట్టరు. నేనుంట."

"కొట్టినా పోవాలె" అన్నది యాకమ్మ.

బుధవారం పది గంటలకు బడి ముందు తండా అంతా పోగైంది. తల్లులు పిల్లలను కొంగులకు కట్టేసుకున్నట్టు పట్టుకొని దూరంగా, వేపచెట్టు నీడలో నిలబడ్డారు. గుమ్మం దాటి ఒక్కరు లోపలికి రాలేదు. హీర్యా అన్నమాట ప్రకారం సున్నం బకెట్టు, కొత్త కుంచె తెచ్చి మెట్టు మీద పెట్టుకున్నాడు. తిరుపతి ఆటోలోంచి దిగేసరికి గుంపులో కలకలం రేగింది. దయ్యాన్ని తయారుచేసినవాడంటే ఎట్లుంటాడో అనుకున్నారు. చూస్తే ఈనుపుల్ల. నవ్వాలో తిట్టాలో తెలియక ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఓట్లప్పుడు తాను వచ్చిన సంగతి, ఫోటోలు తీసుకున్న సంగతి, ఎవరినీ అడగకపోయిన సంగతి చెప్పాడు. ఆ గోడ మీద ఉన్నది జాజు అని తనకు తెలిసి కూడా నెత్తురని చూపెట్టినట్టు ఒప్పుకున్నాడు. "ఈ బళ్లె ఎవలు సావలే. పంతులు లేడు, తాళం లేదు. అన్నీ నేను కల్పించినయే. తప్పు జేసిన. మాఫ్ చేయుండ్రి."

"మాఫ్ సంగతి తర్వాత" అన్నది గుంపులోంచి ఒక తల్లి. "మా పిల్లకు ఆ ఏడుపు చెవులల్లకెల్లి పోతలేదు. ఎవల పిల్లను గట్ల ఏడిపిచ్చినవ్?"

తిరుపతి చెవులు ఎర్రబడ్డాయి. "ఎవల పిల్ల కాదక్కా. నేనే ఏడ్చిన. ఏడ్చి, గొంతు సన్నగ మార్చిన."

"ఏది, ఏడువు సూద్దాం" అన్నాడు హీర్యా.

తప్పదు. తండా పెద్ద అడిగాడు. తిరుపతి ఒకసారి దగ్గి, కళ్లు మూసుకొని, "ఆకలైతాందీ..." అన్నాడు. మగ గొంతు మధ్యలో పగిలి మేక అరుపులా వచ్చింది. ముందుగా వర్షకు నవ్వాగలేదు. తర్వాత పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఇంకోసారి! అన్నా, ఇంకోసారి!" అని వాడి వెంటపడ్డారు. పాపం వాడు మరో రెండుసార్లు ఏడ్చాడు.

నవ్వారు సరే, తల్లులు మాత్రం అడుగు కదపలేదు. ఇక్కడ నవ్వినంతసేపు పట్టదు, లోపల ఆ గోడను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఆ సంగతి వాళ్లకు తెలుసు. హీర్యా అటూ ఇటూ చూసి నిట్టూర్చి కుంచె అందుకున్నాడు. "రుక్కీ, నువ్వు చేయాల్సింది చేసినవు. ఇంక పట్టు పట్టకు."

రుక్కి అతని మాట వినిపించుకోలేదు. నేరుగా లోపలికి పోయి గోడ ముందు నిలబడింది. ఈసారి కాపలాకు కూర్చోలేదు. చెయ్యి చాపి, పై వరసలో ఎడమనుంచి మూడోదాని మీద తన అరచెయ్యి ఆనించింది. ఇరవై మూడేళ్ల కింది చెయ్యి. వేళ్లు ఇప్పుడు వంకర పోయాయి గాని చెయ్యి చెయ్యికి సరిపోయింది.

"గిది నాది" అని బయటికి వినపడేలా గట్టిగా అన్నది. "మంగ్లీ! నీది గిక్కడనే ఉన్నది. నీ కోడలికి దయ్యమంటే భయమట, నువ్వే ఆ దయ్యానివని చెప్పు. సాలీ, కిటికీ పక్కపొంటి నీది. కంకర మొయ్యలేక మధ్యలనే కూలబడ్డవు, అయినా చెయ్యేసినవు. సిగ్గు లేదు నీకు!"

బయట ఎవరో కిసుక్కుమన్నారు. సాలి ముసల్ది, ఊరుకుంటుందా? "ఎవలే కూలబడ్డది? నీకంటె రెండు తట్టలు ఎక్కువనే మోసిన!" అంటూ కర్ర టకటకలాడించుకుంటూ లోపలికొచ్చి తన చెయ్యి తాను వెతుక్కున్నది. ఆమె వెనక మంగ్లి. మంగ్లి వెనక ఇంకో నలుగురు. "ఇది నాది" "కాదే, నీది దాని కింద" అని గోడ దగ్గర జగడం మొదలైంది. నాయనమ్మలు, అమ్మమ్మలు కొట్లాడుకుంటుంటే చూడకుండా ఏ పిల్లలైనా ఉంటారా? ఒక్కొక్కరే కొంగులు విడిపించుకొని గుమ్మం దాటారు. పిల్లల వెనక తల్లులకు రాక తప్పలేదు.

చిన్న చెయ్యి దగ్గర మాత్రం ఎవరూ నిలబడలేదు. దాని సొంతదారు లేదు. పెద్దవాళ్లు చూసి చూడనట్టు పక్కకు జరిగారు.

వర్ష వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నది. ఫోను విసిరికొట్టిన పిల్లే. ముట్టుకోలేదు, కళ్లు పెద్దవి చేసి చూస్తున్నది.

"దాదీ, గిది ఎవలిది?"

రుక్కి మనవరాలి పక్కన కూర్చున్నది. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"మీ అత్తది. మీ నాయిన చెల్లె. చాంది."

"ఆకలితోని సచ్చిందా?"

"కాదు బిడ్డా. జొరమొచ్చింది. వాగు పొంగి దవాఖానకు జల్ది పోలేకపోయినం. గప్పుడు దానికి నాలుగేండ్లు. ఈ గోడ మీద అందరికంటె ముందుగాల చెయ్యేసింది గదే. అల్లరిది." రుక్కి కళ్లల్లోంచి నీళ్లు వాటంతట అవే కారాయి. ఆమె తుడుచుకోలేదు. "గదే ముందుగాల వేసింది. దాన్ని చూసే మేమందరం వేసినం."

వర్ష తన చెయ్యి చాపింది. రుక్కి చెయ్యి గబుక్కున లేచింది, ఆపడానికి. ఇన్నేళ్లలో ఆ గుర్తును తాను తప్ప ఎవరూ ముట్టలేదు. ఊడ్చేటప్పుడు చీపురు కూడా తగలనివ్వలేదు. లేచిన చెయ్యిని ఆమె బలవంతాన ఒళ్లోకి దించుకున్నది. పిల్ల అరచెయ్యి గోడకు ఆనింది. చాంది చెయ్యి దాని కింద పూర్తిగా దాక్కున్నది.

"దాదీ, నాదే పెద్దగున్నది!" అని వర్ష కేరింత కొట్టింది.

"అవును బిడ్డా. నీదే పెద్దది."

ఆ మాటతో మిగతా పిల్లలు ఎగబడ్డారు. నేను నేను అని తోసుకున్నారు. సంగీత కిటికీ దగ్గర రిజిస్టరు తెరిచి కూర్చున్నది. తల్లులు ఒకరి తర్వాత ఒకరు పోయి పేర్లు చెప్పారు. మంగ్లి కోడలు తన పిల్లలిద్దరినీ రాయించింది. చివరికి హీర్యా కూడా దగ్గుతూ వచ్చి, "మా చిన్నోన్ని గూడ రాసుకో మేడం, ఆ వ్యానుల వానికి వాంతులైతున్నయి" అన్నాడు. పదకొండు పేర్లయ్యాయి. తెచ్చిన సున్నం వృథా పోకూడదని హీర్యా ప్రహరీ గోడకు బయటినుంచి వెయ్యడం మొదలుపెట్టాడు.

ఇంత జరుగుతుంటే తిరుపతి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎవరూ లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు. ఎర్రటి చేతుల గోడ ముందు ముసలి చేతులు, పసి చేతులు, కిటికీలోంచి పడుతున్న ఎండ. వాడి చెయ్యి తెలియకుండానే జేబులోకి పోయి ఫోను పట్టుకున్నది. బయటికి తీసి, పైకెత్తబోయి, ఆగాడు. రెండడుగులు వేసి రుక్కి దగ్గరికొచ్చాడు.

"అమ్మా" అన్నాడు మెల్లగా. "ఒక్క ఫోటో తీసుకోనా? ఈసారి అడుగుతున్న. మంచిగ చూపెడ్త. అందరి పేర్లు పెడ్త, చాంది పేరు గూడ. ఉన్నది ఉన్నట్టే."

రుక్కి వాడి మొహంలోకి చూసింది. ఈసారి వాడు అబద్ధం చెప్పడం లేదని ఆమెకు అర్థమైంది.

"వద్దు" అన్నది.

తిరుపతి ఫోను జేబులో పెట్టుకున్నాడు.